మాస్టారిని అడగండి: ఈ నెల అంతా ఇండికేటర్ల గొడవే

పోయిన నెల హెడ్‌లైట్ల గురించి రాస్తూ చివర్లో ఇండికేటర్ల ఊసు ఎత్తాను. అంతే, ఉత్తరాలే ఉత్తరాలు. కోనసీమ నుంచి, భీమవరం వైపు నుంచి, అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లుండి వచ్చిన ఓ పెద్దాయన దగ్గర్నుంచి కూడా. అన్నిటికీ జాగా లేదు కాబట్టి పదిమందికీ పనికొచ్చేవి ఏరి పెట్టాను. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ణి, అక్కడక్కడా పాఠంలా అనిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: మాస్టారూ, నా బైకుకి ముందూ వెనకా ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేయించాను. అప్పట్నుంచి టకటకా కొట్టుకుంటున్నాయి. మెకానిక్ రెసిస్టర్ వేస్తే చాలంటాడు, మా ఫ్రెండ్ రిలే మార్చమంటాడు. ఏది కరెక్టు? పోలీసులు ఆపితే ఏమవుతుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం

జవాబు: బండి పాడవలేదు బాబూ, దాని డ్యూటీ అది చేస్తోంది. పాత ఇండికేటర్లలో ఒక్కో బల్బు 10 వాట్లు. ఒక పక్క ముందుదీ వెనకదీ కలిపి ఒకటిన్నర ఆంపియర్ పైనే లాగుతాయి. నువ్వేసిన ఎల్‌ఈడీలు అందులో ఏ కొంచెమో లాగుతాయి. కరెంటు అంత తగ్గేసరికి రిలే, అంటే ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే చిన్న డబ్బా, ఒక బల్బు మాడిపోయిందనుకుని వేగం పెంచేస్తుంది. ఇది కావాలని పెట్టిన ఏర్పాటే. వెనక బల్బు పోయిన సంగతి నడిపేవాడికి ఇంకెలా తెలుస్తుంది?

అలాగని వదిలెయ్యడానికి లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 102వది ఈ ఇండికేటర్ల గురించే. రంగు అంబర్, అంటే ముదురు పసుపు, ఉండాలి, నిమిషానికి 60 సార్లకి తగ్గకూడదు, 120కి మించకూడదు. యూరప్ దేశాల నిబంధన కూడా అదే, 90కి అటు 30, ఇటు 30. ఈ అంకెలు ఎవరికో తోచి రాసినవి కావు. సెకనుకి ఒక్కసారి కూడా వెలగలేదనుకో, వెనకవాడు గోతిని చూసి తలెత్తే లోపల అది ఆరిపోయి ఉంటుంది, వాడికి నీ సిగ్నలే అందదు. మరీ వేగంగా కొట్టుకుంటే మామూలు బల్బులో తీగ చల్లారడానికి టైము చాలదు, వెలుగుకీ చీకటికీ తేడా చెరిగిపోతుంది, దూరం నుంచి నిలకడగా వెలిగే దీపంలా కనపడుతుంది. ఫోన్లో టైమర్ పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టు. 15కీ 30కీ మధ్యలో ఉంటే సరే.

ఇక రెసిస్టర్ సంగతి. ఎల్‌ఈడీ వేసి ఆదా చేసిన కరెంటుని తీసుకెళ్లి వేడి కింద తగలెయ్యడం అన్నమాట. అది పనిచేస్తుంది, కాదనను. కానీ సీటు కింద వైర్ల గుత్తికి టేపు చుట్టి కట్టేస్తారు. జంక్షన్‌లో కాసేపు ఇండికేటర్ వేసుకుని నిలబడితే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ప్లాస్టిక్ మెత్తబడి వైరు తొడుగు కరిగిన బళ్లు మా పాత శిష్యుల షాపుల్లో చాలానే చూశాను. ఎల్‌ఈడీకి పనికొచ్చే రిలే వేయించుకో. ఒక్కటే చిక్కు: అలాంటి రిలేల్లో చాలావాటికి బల్బు పోయినా తెలియదు, ఒకే వేగంలో కొట్టుకుంటాయి. అప్పుడప్పుడూ దిగి నువ్వే చూసుకోవాలి.

నువ్వు అడగనిది కూడా ఒకటి చెప్తాను. వేగం కంటే నాకు భయం వేసేది ఆ సైజు. వెనక నంబరు ప్లేటుకి చెరో పక్కన అతికించే సన్నటి పుల్లల్లాంటివి వస్తున్నాయి కదా, అవే వేయించి ఉంటావు. బైకుల లైట్ల మీద ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటుంది, 53వ నంబరుది. దాని ప్రకారం వెనక రెండు ఇండికేటర్ల మధ్య కనీసం 180 మిల్లీమీటర్లు, అంటే జానెడుకి కాస్త తక్కువ, ఖాళీ ఉండాలి. ముందు వాటికి 240. ఎందుకంటే రెండూ దగ్గరగా ఉంటే వంద గజాల అవతలివాడికి ఏదో ఒకటి మిణుకుమంటోందని తెలుస్తుంది గానీ, అది ఎడమదో కుడిదో తెలియదు. రావులపాలెం సెంటర్లో మిట్టమధ్యాహ్నం బండి నిలబెట్టి, ఇండికేటర్ వేసి, నువ్వు ఏటవాలుగా దూరం వెళ్లి చూడు. నీకే కనపడకపోతే లారీ డ్రైవర్‌కి మాత్రం ఏం కనపడుతుంది?

పోలీసుల మాట కూడా అడిగావు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. అంబర్ కాకుండా తెల్లవీ నీలంవీ వేశావా, నీ తరఫున వాదించడానికి ఏమీ మిగలదు. నల్ల రంగు అద్దాల తొడుగు కూడా తీసిపారెయ్. ఎండలో అది ఆరిపోయిన దీపంతో సమానం.

ప్రశ్న: రాజోలు దగ్గర స్కూల్లో టీచర్ని. రోజూ కాలువ గట్టు రోడ్డు మీద స్కూటీ మీద వెళ్తాను. మొన్న ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేసింది. దాటమంటున్నాడు కదా అని కుడివైపు తీశాను. అది నిజంగానే కుడివైపు రొయ్యల చెరువు దారిలోకి తిరిగింది. బ్రేకు పడబట్టి బతికాను. తప్పెవరిదండీ?
– ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, ఆ రోజు ఆ లారీ డ్రైవర్ చేసింది కరెక్టే. మీకు అలా అర్థం చేసుకోవడం అలవాటు చేసిన మిగతా లారీలది తప్పు.

కుడి ఇండికేటర్‌కి చట్టంలో ఉన్న అర్థం ఒక్కటే, బండి కుడికి వస్తోందని. దాటుకో అని చెప్పడానికి వేరే చేతి సైగ ఉంది. కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి వెనక్కీ ముందుకీ ఊపడం. మా చిన్నప్పటి లారీ డ్రైవర్లంతా అలాగే ఊపేవారు. చెయ్యి ఊపడానికి బద్ధకమై ఆ పని ఇండికేటర్ మీద పెట్టారు. ఇప్పుడు ఒకాయన దాటుకో అని కుడిది వేస్తాడు, ఇంకొకాయన ఎదురుగా బండొస్తోంది ఆగు అని అదే కుడిది వేస్తాడు. మూడో ఆయన దాటుకో అని ఎడమది వేస్తాడు. వెనకున్న మీకు ఏ దీపానికి ఏ అర్థమో ఎలా తెలుస్తుంది? ఈ భాషని నమ్ముకుని ఎదురుబండి కనపడని చోట ముందుకెళ్లడం అంటే కళ్లకి గంతలు కట్టుకోవడమే.

మన గట్ల మీద ఇంకో మాయ ఉంది. రోడ్డు సన్నం. పెద్ద లారీ కుడివైపు చెరువు దారిలోకి ఒక్కసారిగా తిరగలేదు, వెనక చక్రాలు మలుపులో తెగ్గోసుకుంటూ వెళ్తాయి, అంచు దాటితే బోదెలో పడతాయి. అందుకని డ్రైవర్ ముందు ఎడమకి జరిగి, బాగా చోటు తీసుకుని, అప్పుడు కుడికి కోస్తాడు. వెనకున్న మీకు ఏం కనపడింది? లారీ ఎడమకి ఒదిగింది, వేగం తగ్గించింది, కుడి ఇండికేటర్ వేసింది. అచ్చం దారిస్తున్నట్టే ఉంటుంది! మీరు కుడివైపు దూరే క్షణానికి క్యాబిన్ మీ మీదకి తిరుగుతుంది.

కాబట్టి లారీ కుడి ఇండికేటర్ వేస్తే మీరు చూడాల్సింది దీపాన్ని కాదు, కుడిపక్క రోడ్డుని. చెరువు దారి గానీ, లాకు వంతెన గానీ, రైసు మిల్లు గేటు గానీ ఉందేమో చూడండి. ఉంటే అది తిరుగుతుందనే లెక్క. స్పీడు తగ్గించి, ఇండికేటర్ ఆరి లారీ మళ్లీ తిన్నగా సాగేదాకా వెనకే ఉండండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే హెడ్‌మాస్టారు ఓ మాటంటారు, అంతేగా.

పక్కన ఇరుక్కుంటే పరిస్థితి ఇంకా దారుణం. లారీ నడుము దగ్గర ఉన్నవాళ్లకి వెనక ఇండికేటరూ కనపడదు, ముందుదీ కనపడదు. వాళ్ల కోసమే బండి పక్కన చిన్న దీపం పెట్టమన్నారు. యూరప్ లెక్కలో అది బండి పక్క నుంచి వెనకవైపుకి 60 డిగ్రీల దాకా కనపడాలి. చిన్న కార్లకి ఆ దీపం 0.6 క్యాండెలా ఉన్నా చాలు, పొడుగు బళ్లకి పెట్టే రకానికి కనీసం 50 కావాలన్నారు. క్యాండెలా అంటే ఉజ్జాయింపుగా ఒక కొవ్వొత్తి వెలుగు. మన ఇటుకల లారీలకీ, మేత లారీలకీ ఆ పక్క దీపం ఉంటే బురద కింద ఉంటుంది, లేకపోతే ఎప్పుడో ఏ కొబ్బరి చెట్టుకో రాసుకుని ఊడిపోయి ఉంటుంది. అది ఉందని నమ్మి పక్కన ఉండిపోకండి.

ప్రశ్న: ట్రాక్టర్ ట్రక్కులో గడ్డి వేసుకుని మెయిన్ రోడ్డు మీద వెళ్లాలి. ట్రక్కుకి ఇండికేటర్లు ఉన్నాయి, గడ్డి కప్పేస్తోంది. ఏం చెయ్యమంటారు?
– రైతు, పి.గన్నవరం

జవాబు: గడ్డి కప్పేస్తే లేనట్టే కదండీ. మీ ట్రక్కు దీపాలు తొట్టి వెనక తలుపు కింద ఉంటాయి. దాళ్వా గడ్డి అటూ ఇటూ నేల దాకా వేలాడుతుంది. ఒక చెక్క పలక తీసుకోండి, ట్రక్కు వెడల్పున ఉండాలి. దానికి రెండు చివర్లా ఇండికేటర్లు, బ్రేకు లైట్లు బిగించి, పొడుగు వైరుతో ట్రాక్టర్ సాకెట్‌లో గుచ్చేలా చేయించండి. గడ్డి వేశాక ఆ పలకని బయటికి తాళ్లతో కట్టెయ్యడమే. ఏ ఆటో ఎలక్ట్రీషియనైనా పూటలో చేసిస్తాడు. మరీ పైకి కట్టకండి. కార్లూ లారీల ఇండికేటర్లకి యూరప్‌లో పెట్టిన హద్దు నేల నుంచి 350 మిల్లీమీటర్లకి తగ్గకుండా, మామూలుగా 1,500కి మించకుండా అని. మీరు మనిషి గుండెల ఎత్తు దాటనివ్వకండి. వెనక కారులో కూర్చున్నవాడి చూపు ఉండేది అక్కడే. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా ఆ పలక మీదే అంటించండి, వైరు ఊడిపోయినా అదొక్కటైనా మెరుస్తుంది.

ఇండికేటర్ ఎప్పుడు వెయ్యాలన్నది కూడా చూసుకోండి. గంటకి 60 కిలోమీటర్ల మీద వచ్చే బైకు సెకనుకి దాదాపు 17 మీటర్లు మింగుతుంది. మీ దీపం మూడుసార్లు కొట్టుకునే లోపల 30 మీటర్లు దాటి వచ్చేస్తాడు. స్టీరింగ్ తిప్పుతూ ఇండికేటర్ వేసే అలవాటు మన ట్రాక్టర్లవాళ్లందరికీ ఉంది. మలుపుకి బాగా ముందే వేసి, వెనక్కి ఒకసారి చూసి, అప్పుడు తిప్పండి.

ప్రశ్న: మంచు పట్టినప్పుడూ, జంక్షన్‌లో తిన్నగా వెళ్లేటప్పుడూ నాలుగు ఇండికేటర్లూ వేస్తాను. మా అబ్బాయి వద్దంటాడు.
– కారు యజమాని, భీమవరం

జవాబు: అబ్బాయి మాట వినండి. జంక్షన్‌లో ఎడమవైపు నిలబడినవాడికి మీ కారు ఎడమ పక్కే కనపడుతుంది, కుడి పక్కది అడ్డం వచ్చేస్తుంది. మీరు ఎడమకి తిరుగుతున్నారనుకుని ముందుకి అడుగేస్తాడు. కుడివైపువాడు అదే లెక్కన కుడికనుకుంటాడు. తిన్నగా వెళ్లేవాడు ఏ ఇండికేటరూ వెయ్యక్కర్లేదు. మంచులో నడుస్తూ నాలుగూ వేస్తే, చాలా కార్లలో మీరు నిజంగా తిరగాలనుకున్నప్పుడు చెప్పడానికి వేరే దీపం మిగలదు. ఆ నాలుగు దీపాల స్విచ్ బండి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు వాడాల్సింది. మంచులో లో బీమ్, ఫాగ్ లైట్లు వేసుకోండి చాలు.

ప్రశ్న: రాత్రిళ్లు చించినాడ వంతెన దిగాక ఎదురొచ్చే కారు ఇండికేటర్ వేసిందో లేదో అస్సలు తెలియట్లేదు. నా కళ్లు పోయాయా?
– ఆటో డ్రైవర్, దిండి

జవాబు: కళ్లు ఒకసారి చూపించుకోవడం మంచిదే, కానీ తప్పు కళ్లదే కాకపోవచ్చు. హెడ్‌లైటుకి ఇండికేటర్ ఎంత దగ్గరుంటే ఆ వెలుగులో అంత మునిగిపోతుంది. అందుకే యూరప్ నిబంధనలో ముందు ఇండికేటర్‌కి మూడు మెట్లు పెట్టారు. లో బీమ్ దీపానికి 40 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ దూరంలో ఉంటే కనీసం 175 క్యాండెలా. 40కీ 20కీ మధ్యలో ఉంటే 250. 20 కన్నా దగ్గరైతే 400. కంపెనీ నుంచి వచ్చిన కారు ఈ లెక్క ప్రకారం తయారై ఉంటుంది. బయట షాపులో హెడ్‌లైటు ఊడబీకి రెండింతలు వెలిగే తెల్ల ఎల్‌ఈడీ కుక్కితే లెక్కంతా తలకిందులు. ఇండికేటర్ పాపం ఎప్పట్లాగే వెలుగుతుంది, చూసేవాడికి దాని చుట్టూ తెల్లటి మంట తప్ప ఏమీ ఉండదు. అలాంటి కారు ఎదురైతే అది మీ ముందు నుంచి తిరుగుతుందనే అనుకుని ఆగండి. వేరే ఉపాయం నాకు తోచట్లేదు.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి కారుకి వెనక ఇండికేటర్ ఎర్రగా కొట్టుకుంటుంది. మనకి పసుపు. అంత గొప్ప దేశంలో ఇలా ఎందుకుంది?
– విశ్రాంత ఉద్యోగి, తణుకు

జవాబు: బళ్ల దీపాల మీద అక్కడున్న 108వ నంబరు ప్రమాణం వెనక ఇండికేటర్ ఎర్రదైనా, అంబరైనా ఒప్పుకుంటుంది. ఎర్రదైతే కొన్ని కార్లలో బ్రేకు లైటూ ఇండికేటరూ ఒకే బల్బుతో సరిపెట్టుకోవచ్చు, కంపెనీకి ఖర్చు కలిసొస్తుంది. కానీ బ్రేకు తొక్కి తిరుగుతుంటే వెనకవాడికి చటుక్కున అర్థం కాదు, ఊరికే బ్రేకు నొక్కి వదులుతున్నాడేమో అనిపిస్తుంది. వాళ్ల రహదారి భద్రతా సంస్థే దీని మీద లెక్క తీసి 2009లో బయటపెట్టింది. తిరుగుతున్న బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు అంబర్ ఉన్న కార్లకి 5.3 శాతం తక్కువట. అయినా ఎర్రవాటిని తీసెయ్యలేదు. గొప్ప దేశమైనంత మాత్రాన అన్నీ గొప్పగా ఉండాలని ఏముంది! మనకి ఈ విషయంలో నియమం బాగుంది, పాటించడమే తక్కువ. లారీ బాడీ కట్టేచోట మూడు దీపాలకీ ఎర్ర డోములే బిగించి పంపిన బళ్లు ఇక్కడా తిరుగుతున్నాయి.

ప్రశ్న: చేపల వ్యాను నడుపుతాను. ఎన్నిసార్లు బల్బు మార్చినా వెనక ఇండికేటర్ మళ్లీ మామూలే. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా కొంచెం కొంచెం వెలుగుతోంది. దయ్యం పట్టిందంటున్నారు మావాళ్లు.
– డ్రైవర్, ఆకివీడు

జవాబు: దయ్యం కాదు బాబూ, ఎర్త్. ఐసు కరిగిన నీళ్లు, అందులో ఉప్పు, ట్రేల్లోంచి కారి కారి సరిగ్గా ఆ లైటు మీద పడతాయి. హోల్డర్ విప్పి చూడు, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. బాడీకి బిగించిన ఎర్త్ వైరు కొసన తుప్పు తప్ప రాగి కనపడదు. కరెంటు వెనక్కి వెళ్లడానికి దారి దొరక్క పక్క బల్బులోంచి దూరి వెళ్తోంది, అందుకే బ్రేకు తొక్కితే ఇండికేటర్ మిణుకుమనేది. హోల్డర్‌ని గరుకు కాగితంతో గీకి, వ్యాజిలీన్ పల్చగా రాయి. ఎర్త్‌ని బాడీకి కాకుండా వేరే వైరుతో బ్యాటరీ నెగటివ్ దాకా లాగించు. ట్రిప్పు అయ్యాక మంచినీళ్లతో వెనకంతా కడిగెయ్.

బల్బు కొనేటప్పుడు ఒకటి చూసుకో. బయటి అద్దం తెల్లదైతే లోపల పసుపు రంగు పూసిన బల్బు ఉండాలి. 21 వాట్ల బల్బుల్లో పసుపుదాని మొదట్లో ఉండే రెండు మేకులూ ఎదురెదురుగా ఉండవు, 150 డిగ్రీల కోణంలో వంకరగా ఉంటాయి. తెల్ల బల్బు పొరపాటున కూడా అందులో పట్టకూడదని అలా చేశారు. మన ఊళ్లలో దానికీ మందుంది, ఆకురాయితో మేకు అరగదీసి తెల్లదాన్నే తోసేస్తారు. చవకరకం పసుపు బల్బు కూడా కొన్నాళ్లకి పొట్టు రాలి తెల్లగా కొట్టుకుంటుంది. గోటితో గీరితే రంగు ఊడొస్తుందేమో షాపులోనే చూడు.

ప్రశ్న: నా దగ్గర పాత అంబాసిడర్ ఉంది. ఇండికేటర్లు చచ్చిపోయాయి. చెయ్యి చూపించి నడిపితే ఇప్పటికీ చెల్లుతుందా?
– పెద్దాయన, నరసాపురం

జవాబు: చేతి సైగలు అందరూ మర్చిపోయారండీ, అదీ బాధ. కుడికైతే కుడి చెయ్యి బయటికి తిన్నగా చాపి అరచెయ్యి ముందుకి తిప్పాలి. ఎడమకైతే అదే చెయ్యి చాపి గడియారానికి ఎదురుదిశలో గుండ్రంగా తిప్పాలి. మీరు అలా తిప్పుతుంటే ఈ కాలం కుర్రాళ్లు ఎవరినో పిలుస్తున్నారనుకుంటారు. చీకటి పడితే అదీ కనపడదు. ఇండికేటర్లు లేని కారుకి ఫిట్‌నెస్ అడిగే చోట మీ చెయ్యి చూపిస్తే ఊరుకోరు కూడా. ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత స్టీరింగ్ దగ్గర స్విచ్ చూపించండి. ఆ కార్లలో నేను చూసినంతవరకు ఎక్కువగా పోయేది స్విచ్ లోపలి రాగి పలకే. మీకక్కడ కుదరకపోతే వీలు చూసుకుని మా పాలకొల్లు తోలుకురండి, పగటిపూటే.